లండన్ టూర్‌లో ఒప్పుకుని చూపించని చోట్ల గురించి ఫిర్యాదు

కడప

మేనేజర్ గారికి,

నమస్కారం.

విషయం: లండన్ ప్యాకేజీలో మాట తప్పడం, డబ్బు వాపసు గురించి.

మొన్న మే నెలలో మీ సంస్థ వేసిన లండన్ టూర్‌కి నేనూ, మా ఆవిడా వచ్చాం. నేను రిటైరైన తెలుగు మాస్టారిని. డబ్బు కట్టే ముందు ఏడురోడ్ల దగ్గరున్న మీ ఆఫీసులో నేను పెట్టిన షరతు ఒక్కటే: కెన్సల్ గ్రీన్ శ్మశానవాటికలో ఉన్న సి.పి. బ్రౌన్ సమాధి చూపించాలని. "తప్పకుండా సార్" అన్నారు. ప్రోగ్రామ్ షీటులో ఆఖరి రోజు మధ్యాహ్నం దగ్గర పెన్నుతో రాసి, స్టాంపు కూడా వేశారు. బస్సు చుట్టు తిరగాలంటూ మా దగ్గర రూ.8,000 అదనంగా తీసుకున్నారు.

ఆ మధ్యాహ్నం బస్సు ఊరి బయట ఒక షాపింగ్ సెంటర్ ముందు ఆగింది. గంట అన్నది మూడు గంటలైంది. నేను షీటు చూపించి అడిగితే మీ టూర్ మేనేజర్ చేతిలో మైకు ఆపకుండానే, "శ్మశానానికి ఎవరొస్తారు సార్? అందరి టైమూ పాడవుతుంది" అన్నాడు. బస్సంతా విన్నది. వేమన పద్యాల పుస్తకం ఒకటి బ్రౌన్ సమాధి దగ్గర పెట్టి దణ్ణం పెట్టుకుందామని మా ఆవిడ ఇంటి నుంచి తెచ్చింది. ఏమీ అనకుండా దాన్ని మళ్ళీ బ్యాగులో పెట్టేసింది. పోనీ, లండన్ మెట్రో రైళ్ళ బేకర్‌లూ లైన్‌లో కెన్సల్ గ్రీన్ అనే స్టేషనే ఉంది, మేమే వెళ్ళొస్తామంటే, గ్రూపు వదిలితే తన బాధ్యత లేదని, తెల్లవారితే ఫ్లైటని భయపెట్టాడు.

ఆ సమాధి ఎవరిదో కడపలో ఆఫీసు పెట్టుకున్న మీకు నేను చెప్పాల్సి రావడం బాధగా ఉంది. 1820లో ఈ ఊరికి వచ్చి, ఇక్కడే బంగళా కొని, తన సొంత డబ్బుతో పండితులను పోషించి, పాడైపోతున్న తాళపత్రాలకు శుద్ధప్రతులు రాయించిన మహానుభావుడు. 1852లో ఆయన అచ్చు వేయించిన తెలుగు-ఇంగ్లిష్ నిఘంటువును ఇప్పటికీ వాడుతున్నాం. 1884లో లండన్‌లో కన్నుమూశాడు. ఆ బంగళా ఉన్నచోటే జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు చందాలు పోగుచేసి లైబ్రరీ నిలబెట్టారు. మీ ఆఫీసుకు అదేమంత దూరం కాదు.

బ్రిటిష్ మ్యూజియం సంగతి కూడా చెప్పాలి. "ఎంట్రీ టికెట్ మాదే" అని మీ బ్రోచర్‌లో ఉంది. అక్కడ మామూలు ప్రవేశానికి టికెట్టే లేదు, అందరికీ ఉచితం. ఐదింటికి మూసే రోజున మమ్మల్ని నాలుగు దాటాక దింపారు. మమ్మీల గది చూసి బయటికి రమ్మన్నారు. మన అమరావతి స్తూపం శిల్పాలు అదే భవనంలో 33ఎ గదిలో ఉన్నాయి. కృష్ణా తీరం నుంచి అంత దూరం పోయిన రాళ్ళను తెలుగువాళ్ళ బస్సుకు చూపించకపోతే ఇంకెవరికి చూపిస్తారు? బకింగ్‌హామ్ ప్యాలెస్ దగ్గర గార్డుల మార్పిడి సాధారణంగా సోమ, బుధ, శుక్ర, ఆదివారాల్లో పొద్దున జరుగుతుంది. మమ్మల్ని మంగళవారం సాయంత్రం తీసుకెళ్ళారు.

టవర్ ఆఫ్ లండన్ మాత్రం బాగా చూపించారు. కోహినూరు ఉన్న కిరీటాన్ని తృప్తిగా చూశాం. ఆ రోజు వచ్చిన లోకల్ గైడ్‌కు నా ధన్యవాదాలు చెప్పండి.

నేను అడిగేవి ఇవి. సమాధి కోసం తీసుకున్న రూ.8,000, మ్యూజియం టికెట్ల పేరుతో బిల్లులో వేసిన మొత్తం వాపసు ఇవ్వండి. మా ఆవిడకు క్షమాపణ రాతపూర్వకంగా పంపండి. ఇకపై బ్రోచర్‌లో ఏది లోపలికి వెళ్ళి చూసేదో, ఏది బస్సు కిటికీలోంచి చూసేదో విడివిడిగా రాయండి. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద కడప జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. స్టాంపు వేసిన షీటు, రసీదుల జిరాక్సులు ఈ లేఖతో పంపుతున్నాను. ఒరిజినల్స్ నా దగ్గరే ఉన్నాయి.

ఇట్లు,
మీ లండన్ టూర్ ప్రయాణికుడు