పుస్తక విభాగం వార్షిక నివేదిక 2024–25: ఆగ్నేయాసియా అర

సభ్యులకు నమస్కారం. ఈ ఏడాది విభాగం పనంతా దాదాపు ఒక్క అర చుట్టూనే తిరిగింది. ఆగ్నేయాసియా చరిత్ర మీద తెప్పించిన పుస్తకాల్లో మనవాళ్లు ఉన్నారు గానీ, చాలాచోట్ల ‘తెలుగు’ అన్న పేరుతో లేరు. అందుకే చదవడం కన్నా వెతకడం ఎక్కువైంది.

బర్మా పుస్తకాల్లో మనవాళ్లు ‘కోరంగీలు’. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరది. 1839 తుఫానుకు రేవు దెబ్బతింది. పేరు మాత్రం రంగూన్‌లో నిలిచి, గంజాం, విశాఖ కూలీలకూ అంటుకుంది. మలయా పుస్తకాల్లో ‘క్లింగ్’ కనిపిస్తుంది. కళింగ నుంచి వచ్చిన మాటే అయినా దక్షిణాది వాళ్లందరికీ వాడారు, ఇప్పుడక్కడ అది తిట్టు. క్లింగ్ అని ఉంది కదా అని తెలుగువాడని రాసుకోకూడదు. ‘మద్రాసీ’ అయితే మరీ గందరగోళం.

అందుకే ప్రస్తావనకొక చీటీ పెట్టాం: పుస్తకం, ముద్రణ, పుట, రచయిత వాడిన మాట ఉన్నదున్నట్టు, ఊరు, ఏడాది. తెలుగువాళ్లేనని మనం తేల్చుకుంటే, ఎలా తేల్చామో కింద రాయాలి. పుస్తకం చివరి పదసూచిని నమ్ముకుంటే సగం జారిపోతాయి. ఈ-పుస్తకంలో కోరంగీకి ఉన్న రకరకాల ఇంగ్లిష్ స్పెల్లింగులు, తెలుగుకు ‘టి-ఈ-ఎల్-ఈ’తో మొదలయ్యే పాత స్పెల్లింగు కూడా కొట్టి చూడండి. అప్పటికీ దొరక్కపోతే సంఘటనను పట్టుకోండి. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు సమ్మె కట్టారు. వాళ్ల స్థానంలో బర్మీయులను పెట్టి, సమ్మె తీరాక తీసేయడంతో అల్లర్లు రేగాయి. ‘ఇండియన్లకూ బర్మీయులకూ గొడవ’ అని ఒక్క వాక్యంతో దాటేసే పుస్తకంలో ఆ వాక్యమే మనకు చీటీ.

అంకెల్లో పెద్ద పొరపాటు ఒకటి దిద్దాం. సునీల్ అమృత్ ‘క్రాసింగ్ ద బే ఆఫ్ బెంగాల్’ (2013) 1840–1940 మధ్య బంగాళాఖాతం దాటినవారి లెక్క 2.8 కోట్ల దాకా చెబుతుంది. చీటీల్లో అది ‘వలసపోయినవారు’గా మారింది. నిజానికది రానూపోనూ కలిపిన లెక్క. రంగూన్ బియ్యం మిల్లుల్లో సీజన్ పని చేసి ఇల్లు చేరిన మనిషి రెండుసార్లు పడతాడు.

సొంత జ్ఞాపకం కలిసిన పుస్తకాలకు ‘జ్ఞా’ అని గుర్తు వేస్తున్నాం. థాంట్ మ్యింట్-యూ 2006 పుస్తకంలో తాత, ఐక్యరాజ్యసమితి ఒకప్పటి ప్రధాన కార్యదర్శి యూ థాంట్ కుటుంబం కథ, బర్మా చరిత్ర పెనవేసుకున్నాయి. ఇంట్లో విన్నది ఒకటి, దస్తావేజు ఒకటి. రెండూ ఒకే చీటీలో రాయొద్దు. ఆగ్నేయాసియా పరిశోధకుడు బెనెడిక్ట్ ఆండర్సన్ ఆత్మకథ (2016), ఇండోనేషియా స్వాతంత్ర్యం మీద డేవిడ్ వాన్ రేబ్రూక్ పుస్తకం (ఇంగ్లిష్‌లో 2024) చదవడానికి బాగున్నాయి, మన చీటీలకు పెద్దగా పనికిరాలేదు.

వానాకాలంలో కింది అరకు బూజు పట్టింది. పుస్తకాలు గోడకు ఆనించి ఉండటమే కారణం. నాలుగు వేళ్ల సందు వదిలాం. తడిసినవాటిని ఎండలో పెట్టొద్దు, అట్టలు వంకరపోతాయి. నిలబెట్టి, పుటలు విప్పి ఫ్యాను కింద ఆరబెట్టండి.

1942లో జపాన్ దాడికి బర్మా నుంచి నడిచి వచ్చినవాళ్ల చీటీలు ఇంకా తక్కువే ఉన్నాయి. మీ ఇళ్లలో అప్పటి ఉత్తరాలు, మనియార్డరు రసీదులు, ఓడ టిక్కెట్లు ఉంటే అసలువి మీ దగ్గరే ఉంచుకుని ఫొటోలు పంపండి. వెనకవైపు కూడా తీయండి, తేదీ ముద్ర అక్కడ ఉండొచ్చు.