తక్‌పట్టీ లేకుండా కత్తి ఇవ్వకు

మారియెట్టా, జార్జియా, ఆదివారం రాత్రి

బిడ్డా,

ఇవాళ మధ్యాహ్నం ఇనుప పెట్టె తీసి, డైనింగ్ టేబుల్ మీద అమ్మ పాత కాటన్ చీర పరిచి, కత్తులన్నీ వరుసగా పెట్టాను. 31 ఉన్నాయి. ఒక్కొక్కటీ తుడిచి, నూనె రాసి, మళ్ళీ సర్దేసరికి నాలుగు గంటలు పట్టింది. ఇదివరకు గంటన్నరలో అయ్యే పని. మధ్యలో ఒక మడత కత్తి మూస్తుంటే చేయి వణికి అలుగు, అదే కత్తి రేకు, వేలి పక్కనుంచి జారిపోయింది. తెగలేదు, కంగారు పడకు. కానీ అప్పుడే నిర్ణయించుకున్నాను, ఇక వీటిని చూసుకోవడం నావల్ల కాదు, చూసుకోగలిగిన వాళ్ళకి చేర్చాలని. 5 ఉంచుకుని 26 అమ్మేద్దాం. ఆ పని నువ్వే చేసిపెట్టాలి. ఫోన్లో చెబితే సగం మర్చిపోతాను, అందుకే కూర్చుని రాస్తున్నాను.

కత్తుల్ని డీలర్‌కి అప్పగించి, అమ్ముడుపోయాక డబ్బు తీసుకునే కన్‌సైన్‌మెంట్ పద్ధతిలో అమ్ముదాం. అది నీకు కొత్తగా ఉండొచ్చు గానీ మన ఇంట్లో అది పాత సంగతే. ఆర్మూరు దగ్గర మన చేన్లో పండిన పసుపును మీ తాత నిజామాబాద్ మార్కెట్ యార్డుకు తోలుకుపోయి ఆడ్తిదారు దగ్గర దించేవాడు. సరుకు తాతది, అమ్మిపెట్టేది ఆడ్తిదారు. అమ్ముడుపోయాక తన కమిషన్, హమాలీ ఖర్చు కోసుకుని మిగతాది చేతిలో పెట్టి తక్‌పట్టీ రాసిచ్చేవాడు. ఎన్ని బస్తాలు, ఎంత తూకం, ఏ ధర, ఎంత కోత, అన్నీ ఆ కాగితం మీద ఉండేవి. తాత వాటిని ఒక ఇనుప తీగకు గుచ్చి దూలానికి వేలాడదీసేవాడు. తెల్లచిట్టీ మీద లెక్క గీకి ఇచ్చే దుకాణం గడప తొక్కేవాడు కాదు. ఇక్కడ కత్తుల డీలర్ చేసేదీ ఆడ్తి వ్యాపారమే. నేను తాత కొడుకునై ఉండి కూడా ఒకసారి ఆ తక్‌పట్టీ సంగతి మర్చిపోయాను. అది కింద చెబుతాను.

ముందు ఎందుకు కన్‌సైన్‌మెంటో చెబుతాను. డీలర్‌కి నేరుగా అమ్మేస్తే డబ్బు వెంటనే వస్తుంది, కానీ అతను మళ్ళీ లాభం వేసుకుని అమ్మాలి కాబట్టి బయట పలికే ధరలో సగమో, అంతకు కాస్త ఎక్కువో ఇస్తాడు. మనమే అమ్ముకుంటే అందరికంటే ఎక్కువ మిగులుతుంది. కానీ కొత్త మనిషి దగ్గర వేల డాలర్ల కత్తి కొనడానికి ఎవరూ ధైర్యం చేయరు, నీకు ఆ పేరు లేదు, తీరికా లేదు. డీలర్‌కి అప్పగిస్తే అతని పేరు మీద, అతని గ్యారంటీ మీద అమ్ముడుపోతుంది. నేను చూసినంతలో కమిషన్ 15 నుంచి 30 శాతం దాకా ఉంటుంది, ఖరీదైన కత్తికి కాస్త తగ్గిస్తారు. 1,000 డాలర్లకు పోయిన కత్తికి 20 శాతం తీస్తే మనకు 800. పంపిన ఖర్చు, ఇన్సూరెన్స్ మళ్ళీ వేరు. ఆ 200 చూసి బాధపడకు. అతని దగ్గరున్న కొనేవాళ్ళ జాబితాకి మనం ఇస్తున్న డబ్బు అది.

డీలర్లలో ఎవరి సరుకు వాళ్ళది. మన దగ్గరున్న, బాబ్ లవ్‌లెస్ చేసిన డ్రాప్ పాయింట్ (వెన్ను మొనవైపు కిందికి వాలిన) వేట కత్తిని మడత కత్తులమ్మే కుర్రాడి దగ్గర పెడితే దానికి దక్కాల్సిన ధర దక్కదు. బాబ్ లవ్‌లెస్ 2010లో పోయాడు. వేట కత్తి ఆకారాన్నే మార్చేసిన మనిషి. అలుగు మీద మార్కు చూడు, 'రివర్‌సైడ్, కాలిఫోర్నియా' అని ఉంటుంది. అంతకుముందు కొన్నిటి మీద లాన్‌డేల్ అని వేసేవాడు. ఏ మార్కు ఏ కాలానిదో చూసి చెప్పగలిగినవాడికే దాన్ని ఇవ్వాలి. పైగా ఆయన పేరు మీద దొంగ కత్తులు కూడా తిరుగుతున్నాయి. అందుకే నేను కొన్నప్పటి బిల్లు, ఉత్తరాలు నీలం ఫైల్లో పెట్టాను. ఆ ఫైల్ లేకుండా ఆ కత్తిని ఎక్కడికీ పంపకు.

కొలిమిలో కాల్చి సుత్తితో సాగదీసిన కత్తులు 11 ఉన్నాయి, అవి వేరే డీలర్‌కి. వాటి అలుగు మీద మేకర్ పేరు పక్కన 'జె.ఎస్.' అనో 'ఎం.ఎస్.' అనో ఉంటుంది. 1976లో పెట్టిన అమెరికన్ బ్లేడ్‌స్మిత్ సొసైటీ ఇచ్చే హోదాలు అవి, జర్నీమన్ స్మిత్, మాస్టర్ స్మిత్. ఊరికే ఇవ్వరు. తాను చేసిన కత్తితో వేలాడే తాడును ఒక్క వేటుకు తెంపాలి, చెక్క దుంగను నరకాలి, ఆ తర్వాత కూడా చేతి మీద వెంట్రుకలు గొరిగేంత పదును ఉండాలి, చివర్లో వైస్‌లో బిగించి 90 డిగ్రీలు వంచినా విరగకూడదు. మాస్టర్ కావాలంటే కనీసం 300 పొరలు అతికించి కొట్టిన డమాస్కస్ అలుగుతో అదంతా మళ్ళీ చేసి చూపించాలి. ఇప్పుడు మాస్టర్ అయినవాళ్ళు జర్నీమన్‌గా ఉన్నప్పుడు చేసినవి మన దగ్గర మూడు ఉన్నాయి. ఆ సంగతి డీలర్ వివరంలో రాసేలా చూడు.

ధర విషయంలో ఒక్కటి గుర్తుంచుకో. అడుగుతున్న ధర చూడకు, అమ్ముడుపోయిన ధర చూడు. మడత కత్తుల్లో కొన్నిటిని నేను బ్లేడ్ షోలో, అంటే ఇక్కడ అట్లాంటాలో ఏటా జరిగే కత్తుల ప్రదర్శనలో, లాటరీలో పేరు వస్తే కొన్నాను. మేకర్ టేబుల్ మీద ఇచ్చిన ధరకి బయట రెట్టింపు పలికిన రోజులు చూశాను, అదే కత్తి నాలుగేళ్ళకి కొన్న ధరకి కూడా పోని రోజులూ చూశాను. అలాంటివి 6 ఉన్నాయి. వాటి మీద నష్టం వస్తే రానీ, అవి నాకు కావలసినంత సంతోషం ఇచ్చాయి. కొలిమి కత్తులకు మాత్రం తొందరపడి ధర తగ్గించనివ్వకు.

ఇప్పుడు ఆ సంగతి. 2009లో, అందరి ఉద్యోగాల మీదా కత్తి వేలాడుతున్న ఏడాది. నీ స్కూల్ ఫీజు, ఇంటి కిస్తీ, రెండూ టెన్షన్. వేరే రాష్ట్రంలో ఒక డీలర్ ఉండేవాడు, షోలో ఏటా కలిసేవాళ్ళం, నవ్వుతూ మాట్లాడేవాడు. ఫోన్లో మాట అనుకుని మూడు కత్తులు పంపాను. కాగితం లేదు. ఎన్ని నెలలు పెట్టుకుంటాడు, ఎంతకు తగ్గిస్తాడు, డబ్బు ఎప్పుడిస్తాడు, ఏదీ రాసుకోలేదు. అడిగినప్పుడల్లా 'మార్కెట్ మందంగా ఉంది' అనేవాడు. మరుసటి ఏడాది కాబ్ గాలేరియాలో బ్లేడ్ షోకి వెళ్ళాను. ఒకాయన తన టేబుల్ మీద కత్తులు చూపిస్తున్నాడు. వాటిలో ఒకదాని పిడి మీద, బొటనవేలు ఆనే చోట, కొమ్ములో సన్నటి తెల్ల చార ఉంది. ఆ చారను నేను చీకట్లో తడిమినా గుర్తుపడతాను. నా కత్తి. ఎప్పుడు కొన్నారండీ అని అడిగితే, నాలుగు నెలలైంది అన్నాడు. ఆయన తప్పేం లేదు, డబ్బిచ్చి కొనుక్కున్నాడు. నేను పార్కింగ్ లాట్‌లో కారులో కూర్చుని చాలాసేపు ఇంజిన్ వేయలేదు. డబ్బు గురించి కాదు బిడ్డా, తాత నాకు తెల్లచిట్టీ గురించి ఎన్నిసార్లు చెప్పాడో అవన్నీ గుర్తొచ్చాయి. తర్వాత ఆ డీలర్ దుకాణం మూసేశాడు. ఒక కత్తి 11 నెలలకు తిరిగొచ్చింది, ఇంకొకటి రానేలేదు.

అప్పుడు లాయర్ దగ్గరికి వెళ్తే తెలిసింది. డీలర్ దివాలా తీస్తే అతని షాపులో ఉన్న మన కత్తిని కూడా అతని సరుకుగానే లెక్కగట్టి అప్పులవాళ్ళు పట్టుకుపోవచ్చు. సరుకు విలువ 1,000 డాలర్లు దాటితే, డీలర్ ఉన్న రాష్ట్రంలో, ఆ సరుకు మీద హక్కు మనదని తెలిపే యూసీసీ-1 అనే ఫారం దాఖలు చేసుకోవాలి. అతని సరుకు మీద ముందే అప్పిచ్చిన బ్యాంకు ఏదైనా ఉంటే వాళ్ళకీ కత్తులు అప్పగించకముందే నోటీసు ఇవ్వాలి. ఖర్చు పెద్దగా ఉండదు. లవ్‌లెస్ కత్తికీ, కొలిమి కత్తులకీ ఇది తప్పకుండా చేయించు. మంచి డీలర్ దీనికి మొహం ముడుచుకోడు. ముడుచుకుంటే కత్తులు వెనక్కి తెచ్చుకో.

కాగితం మీద ఏముండాలంటే: ప్రతి కత్తికీ విడిగా మేకర్ పేరు, కొలత, ఒర, పెట్టె, ఇప్పుడున్న స్థితి. కమిషన్ ఎంత. 90 రోజుల్లో పోకపోతే ఏం చేయాలి. మనల్ని అడక్కుండా ఎంతవరకు తగ్గించవచ్చు. కొన్నవాళ్ళకు వెనక్కి ఇచ్చే గడువు ఎన్ని రోజులు, అది దాటిన ఎన్ని రోజులకు మనకు డబ్బు. అతని దగ్గర ఉండగా పోయినా, పాడైనా ఎవరి ఇన్సూరెన్స్. అన్నిటికంటే ముందు, అమ్ముడుపోయేదాకా కత్తి మనదే అన్న వాక్యం. మొదట రెండు కత్తులే పంపు. లెక్క సరిగ్గా, చెప్పిన తేదీకి వస్తే మిగతావి పంపు.

పంపేముందు కత్తిని ముట్టుకునే పద్ధతి నీకు రావాలి. వేలిముద్రలోని చెమట చాలు, కార్బన్ స్టీల్ మీద వారంలో తుప్పు గీత పడుతుంది. మెత్తటి గుడ్డతో తుడిచి మినరల్ ఆయిల్ పల్చగా రాయి. తోలు ఒరలో ఉంచకు. తోలు పదును చేసిన మందులు, అందులోని తేమ అలుగును తింటాయి. పెట్టెలో ఒరలు ఒక అరలో, కత్తులు ఒక అరలో ఉన్నది అందుకే. పదును పెట్టకు. మెరుగు పెట్టకు. మడత కత్తిని ఊరికే తెరిచి మూయకు, స్నేహితులకూ ఇవ్వకు, లాక్ అరిగిన గుర్తు కొనేవాడి కంట్లో మొదట పడుతుంది. మేకర్ పెట్టిన పదును అలాగే ఉండాలన్నది వాళ్ళ లెక్క. ప్రతిదానికీ రెండు వైపులా, వెన్ను, మార్కు, ఒర, అన్నీ ఫొటోలు తీసి తేదీ వేయి. పోస్టాఫీసులో రిజిస్టర్డ్ మెయిల్‌లో పంపు, 50,000 డాలర్ల దాకా ఇన్సూర్ చేస్తారు. నెమ్మదిగా వెళ్తుంది, కానీ ప్రతి చేయి మారినప్పుడల్లా సంతకం పడుతుంది. పెట్టె మీద లోపల ఏముందో రాయకు.

ఏనుగు దంతం పిడి ఉన్న కత్తిని నీ దగ్గరికి, సియాటెల్‌కి తీసుకెళ్ళి అమ్మే ఆలోచన చేయకు. 2015లో మీ రాష్ట్రంలో జనం ఓటేసి దంతం అమ్మకం ఆపేశారు. 2016 జూలై నుంచి ఫెడరల్ ప్రభుత్వం కూడా దాదాపు అంతా బిగించేసింది. ఎప్పుడు దిగుమతైన దంతమో రుజువు లేకుండా రాష్ట్రం దాటించి అమ్మకూడదు. నా దగ్గర ఆ రుజువు లేదు. నేను కొన్నప్పుడు అది తప్పనిపించలేదు, ఇప్పుడు దాన్ని చూస్తే మనసు ఒప్పుకోదు. అది ఉంచుకునే 5లో ఒకటి.

పన్ను సంగతి ఆడిటర్‌ని అడుగు. ఏడాది దాటి ఉంచుకున్న ఇలాంటి సేకరణల లాభం మీద గరిష్ఠంగా 28 శాతం ఉంటుంది, కొన్న బిల్లులన్నీ అందుకే దాచాను.

ఇవి నాకెందుకు ఇంత ఇష్టమని నువ్వు చిన్నప్పుడు అడిగేదానివి. మన జిల్లాలోనే కోనసముద్రం ఉంది. అక్కడి ఉక్కు కోసం ఒకప్పుడు పర్షియా వర్తకులు వచ్చి కొలిమిల దగ్గరే కూర్చుని కొనుక్కుపోయేవాళ్ళు. డమాస్కస్ కత్తులని లోకం మెచ్చుకున్న వాటికి మన వైపు ఉక్కు వెళ్ళింది. ఇక్కడి డమాస్కస్ వేరు, పొరలు పొరలుగా అతికించి కొట్టింది. బిల్ మొరాన్ 1973లో దాన్ని మళ్ళీ అందరి ముందుకు తెచ్చాడు. అయినా 1997లో షోలో మొదటిసారి ఆ నీళ్ళ అలల్లాంటి గీతలు చూసినప్పుడు, ఊళ్ళో కమ్మరి కొలిమి దగ్గర తిత్తి ఊదుతూ కూర్చున్న నా చిన్నతనం అట్లాంటాలో దొరికినట్టయింది.

ఒక కత్తి గురించి విడిగా చెప్పాలి. కణుజు జింక కొమ్ము పిడి ఉన్న చిన్న వేట కత్తి. మన దేశం ఆ కొమ్ము ఎగుమతి ఆపేశాక అలాంటి పిడికి గిరాకీ పెరిగింది, డీలర్లు ఇద్దరు ముగ్గురు అడిగారు కూడా. 2003 వేసవిలో, నీకు ఎనిమిదేళ్ళు, నేను గరాజ్‌లో ఉన్నప్పుడు నువ్వు టేబుల్ మీది ఆ కత్తి తీసుకుని మామిడిపండు కోశావు. నేను వచ్చేసరికి అలుగు మీద రసం ఆరిపోయి నీలం, బూడిద రంగు మరక పట్టింది. కత్తి వెనక దాచుకుని, మూతి నిండా పసుపు రసంతో నిలబడ్డావు. ఆ మరక తీయించమని ఒక డీలర్ చెప్పాడు, తీస్తే ఇంత వస్తుందన్నాడు. నేను తీయించలేదు.

అది 26లో లేదు. నువ్వు తీసుకెళ్ళు. పెట్టెలో పెట్టకు, వాడుకో. కోశాక వెంటనే కడిగి తుడిచి చుక్క నూనె రాయి, అంతే.

వచ్చే నెల నువ్వు వచ్చినప్పుడు ఫొటోలు మొదలుపెడదాం. తూర్పు కిటికీ పక్కన ఉదయం తొమ్మిదింటికి వెలుతురు బాగుంటుంది, మార్కులు స్పష్టంగా పడతాయి. కత్తులు నువ్వే పట్టుకోవాలి, నేను పక్కన కూర్చుని ఏది ఏమిటో చెబుతాను.

నీ బాపు