ఈసారి ఎనిమిది రోజులు ఎందుకంటే

నమస్కారం. మాతో ఇంతకుముందు నడిచినవాళ్లకీ, ఈ జులై బ్యాచ్‌లకి పేర్లు ఇచ్చినవాళ్లకీ కలిపి రాస్తున్నాను.

పోయిన సీజన్లో కశ్మీర్ గ్రేట్ లేక్స్ ట్రెక్‌కి (సోనామార్గ్ నుంచి నారానాగ్ దాకా కొండల్లో సరస్సుల మీదుగా నడక) వెళ్లిన మా రెండో బ్యాచ్ గడ్‌సర్ పాస్ (కొండలు దాటే కనుమ) దాటలేదు. విషన్‌సర్ సరస్సు దగ్గర్నుంచే వెనక్కి తీసుకొచ్చేశాను. అడిగినవాళ్లకి వాన అని చెప్పాను. వాన పడిన మాట నిజమే. కానీ ఆ రాత్రి పదకొండు మందిలో నలుగురికి తల పగిలిపోయే నొప్పి, ఇద్దరికి వాంతులు. దానికి కారణం వాన కాదు, ఒంటికి అలవాటయ్యేలోపే ఎత్తుకి ఎక్కించేసిన నా ప్లాన్.

సోనామార్గ్ సుమారు 2,700 మీటర్ల ఎత్తులో ఉంటుంది. మొదటి రోజు సాయంత్రానికి నిచ్‌నై క్యాంపు, దాదాపు 3,500. మర్నాడు 4,100 మీటర్ల నిచ్‌నై పాస్ ఎక్కి, అవతల 3,700 దగ్గరున్న విషన్‌సర్‌కి దిగాలి. మూడు వేలు దాటాక పడుకునే చోటు ఎత్తు రోజుకి 500 మీటర్లకి మించి పెరగకూడదని ట్రెక్కింగ్‌లో అందరికీ తెలిసిన లెక్క. నాకూ తెలుసు. అందుకే మొదట్లో సోనామార్గ్‌లో ఒక రోజు, విషన్‌సర్ దగ్గర ఒక రోజు ఆగేవాళ్లం. ఆరు రోజుల్లో అయిపోతుందంటే సెలవు దొరకనివాళ్లు కూడా చేరతారన్న ఆశతో ఆ రెండు రోజులూ నేనే ఎత్తేశాను.

ఇప్పుడు వాటిని తిరిగి పెట్టాను. దయచేసి తగ్గించమని అడగకండి. విషన్‌సర్ దగ్గర ఆగిన రోజు ఊరికే టెంట్‌లో పడుకోం. పక్కనే కాస్త పైన కృష్ణసర్ సరస్సు ఉంది. అది దాటి గడ్‌సర్ దారిలో కొంత ఎక్కితే రెండు సరస్సులూ ఒకేసారి కింద కనిపిస్తాయి. అంత పైకి వెళ్లి, మళ్లీ దిగొచ్చి పడుకుంటే ఒంటికి ఎత్తు అలవాటవుతుంది. మర్నాడు 4,200 మీటర్ల పాస్ ఎక్కేటప్పుడు ఆ తేడా మీకే తెలుస్తుంది.

ఫొటోల సంగతి కూడా చెప్పాలి. మా ఫొటోలన్నీ ఎండ ఉన్న పొద్దుటిపూట తీసినవి. మబ్బు పడితే అదే నీళ్లు బూడిద రంగులో ఉంటాయి. ‘ఏడు సరస్సులు’ అని రాశాం కదా దారిలో వచ్చే సత్‌సర్ గురించి, సీజన్ చివరికి వాటిలో కొన్ని ఎండిపోతాయి. సెప్టెంబర్‌లో వచ్చి లెక్కపెట్టి నన్ను నిలదీసిన ఒకాయన మాట న్యాయమే. ఆ వాక్యం తీసేశాం, ‘సులువైన ట్రెక్’ అన్న ముక్కతో సహా.

సరస్సుల్లో ఈత లేదు. అవి మంచు కరిగిన నీళ్లు. దూకగానే ఊపిరి ఎగబీల్చేస్తుంది, ఆ క్షణంలో నోరు నీళ్లలో ఉంటే ఎంత ఈతగాడైనా మునుగుతాడు. ఒడ్డున సబ్బులు, షాంపూలు కూడా వద్దు.

చాలామంది ఎక్కడం గురించి టెన్షన్ పడతారు. నాకు వచ్చే ఫిర్యాదులన్నీ దిగడం గురించే. హర్‌ముఖ్ పర్వతం కింద ఉన్న గంగాబల్ సరస్సు నుంచి నారానాగ్‌కి చివరి రోజు దాదాపు 1,400 మీటర్లు దిగుడే. మోకాళ్లు ఏడుస్తాయి. ఇప్పటినుంచే మెట్లు దిగడం ప్రాక్టీస్ చేయండి, చేతికి రెండు కర్రలు తెచ్చుకోండి. దారిలో ఆర్మీవాళ్లు చూస్తారు కాబట్టి ఒరిజినల్ ఐడీ మర్చిపోవద్దు.

వెనక్కి వచ్చేసిన ఆ పదకొండు మందికి: ఈ సీజన్ రాదలుచుకుంటే మా ఫీజు ఉండదు, గుర్రాలకీ పర్మిట్లకీ అయ్యేది మాత్రం మీరు పెట్టుకుంటే చాలు. ఎనిమిది రోజులు కుదరదనుకున్న కొత్తవాళ్లకి అడ్వాన్స్ మొత్తం వెనక్కి ఇస్తాను. ఫోన్ చేసి చెబితే సరిపోతుంది, కారణం చెప్పక్కర్లేదు.