పాత ఆర్కేడ్ ఆటలు: లోపం సెట్టింగుల్లోనే

సంపాదకులకు,

పాత ఆర్కేడ్ ఆటల (నాణెం వేసి ఆడే యంత్రాల ఆటల) సంకలనాలు కొన్న చాలామంది ‘బొమ్మ బాగాలేదు, బటన్ నొక్కితే ఆలస్యంగా కదులుతోంది’ అంటూ పక్కన పడేస్తున్నారు. లోపం ఆటది కాదు. 1980 నాటి ప్యాక్‌మ్యాన్ ఆట తెర వెడల్పు 224 పిక్సెళ్లు (బొమ్మను ఏర్పరిచే చుక్కలు), ఎత్తు 288. నిలువు తెర కోసం గీసిన ఆ బొమ్మను అడ్డంగా ఉండే టీవీ నిండా సాగదీస్తే గుండ్రటి ప్యాక్‌మ్యాన్ కోడిగుడ్డులా అవుతుంది. డిస్‌ప్లే మెనూలో అసలు నిష్పత్తినే ఎంచుకోండి. పక్కన నల్లపట్టీలు వస్తే రానివ్వండి. ఎత్తులో 1080 గీతలు (పిక్సెళ్ల వరుసలు) ఉండే టీవీపై ఆ 288ని సరిగ్గా 3 రెట్లు పెంచితే 864 గీతలు పడతాయి, బొమ్మ నిక్కచ్చిగా ఉంటుంది. తెర పైనుంచి కింది దాకా నింపాలని 3.75 రెట్లు చేస్తే కొన్ని పిక్సెళ్లు లావుగా, కొన్ని సన్నగా వస్తాయి.

ఆలస్యం ఎక్కువగా టీవీదే. బొమ్మకు మెరుగులు దిద్దే పనిలో అది సమయం తింటుంది. ఆ మెరుగులను తగ్గించే గేమ్ మోడ్‌ను టీవీ సెట్టింగుల్లో పెట్టాలి. చాలా టీవీల్లో ఒక్కో హెచ్‌డీఎంఐ పోర్టుకూ (కేబుల్ గుచ్చే చోటుకూ) విడిగా పెట్టాలి.

ప్యాక్‌మ్యాన్ నాలుగు దిక్కుల లివర్ ఆట. ఎటైనా వంగే అనలాగ్ స్టిక్ మూలకు జారితే మలుపు తప్పుతుంది, నాలుగు దిక్కుల బటన్లుండే డీ-ప్యాడే నయం. కంప్యూటర్‌లో ఇద్దరు ఆడితే రెండోవారికి యూఎస్‌బీ గేమ్‌ప్యాడ్ ఇవ్వండి. చవక కీబోర్డులు మూడు నాలుగు కీలు ఒకేసారి నొక్కితే కొన్నింటిని వదిలేస్తాయి.

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ నుంచి కోఠి దాకా దుకాణదారులు ఈ సెట్టింగులు చేసి చూపించాకే అమ్మాలని మా విన్నపం.

- ఆర్కేడ్ అభిమానులు, హైదరాబాద్