చూపు ముందు, చెయ్యి తర్వాత

హైదరాబాద్
ఆదివారం రాత్రి

చిన్నీ,

నువ్వు హాస్టల్ నుంచి పంపిన జిమ్నాస్టిక్స్ ఫ్లోర్ రొటీన్ వీడియో ఐదారుసార్లు చూశాను. అందులో టంబ్లింగ్, అంటే పల్టీల జోలికి నేను వెళ్లను, అది మీ సార్ చూసుకుంటారు. "డ్యాన్స్‌లో ఎక్స్‌ప్రెషన్ లేదంటున్నారు మా మేడం, అంటే ఏం చెయ్యాలి మమ్మీ, నవ్వాలా?" అని అడిగావు కదా, దానికే ఈ ఉత్తరం. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావు. ఈ కాగితాలు కిట్ బ్యాగ్‌లో పెట్టుకో.

నవ్వాల్సిన పని లేదు బిడ్డా. మొదటి కౌంట్ నుంచి పళ్లు బిగబట్టి తెచ్చుకున్న నవ్వు రౌండాఫ్ (పల్టీకి ముందు చేతుల మీద తిరగడం) పరుగులో ఊడిపోతుంది, దిగాక మళ్లీ వచ్చి అతుక్కుంటుంది. జడ్జికి నవ్వు కంటే ఆ అతుకే ముందు కనబడుతుంది. ఎక్స్‌ప్రెషన్ చూపులో మొదలవుతుంది, ఊపిరితో నిలుస్తుంది, వేళ్ల చివర పూర్తవుతుంది. ఈ మూడింటినీ ఫ్లిక్, సాల్టో పల్టీలు నేర్చుకున్నట్టే ముక్కలు ముక్కలుగా నేర్చుకోవచ్చు. "ఫీల్ అవుతూ చెయ్" అన్న ఒక్క మాటతో ఎవరికీ ఏదీ రాదు. నీకూ రాలేదు, అందులో నీ తప్పేం లేదు.

వీడియోను 52వ సెకను దగ్గర ఆపు. రెండో పాస్ (పరుగెత్తి వరసగా వేసే పల్టీలు) దిగావు, గట్టిగా నిలబడ్డావు. వెంటనే కుడి చేత్తో లియోటార్డ్ (ఒంటికి అతుక్కునే డ్రెస్) అంచు సర్దుకున్నావు. తల వంచి ఫ్లోర్ అంచున ఉన్న తెల్ల గీత చూసుకున్నావు. అప్పుడు రెండు చేతులూ పైకి ఎత్తావు, కళ్లు మాత్రం ఇంకా కార్పెట్ మీదే ఉన్నాయి. చేతులు పైన, చూపు కింద. మీ మేడం అంటున్నది దీన్నే. చేతులేమీ తప్పు చెయ్యలేదు, లీప్ ఎత్తు కూడా బాగుంది. చెయ్యి ఒక దిక్కు, చూపు ఒక దిక్కు ఉంటే చూసేవాళ్లకు మనిషి అక్కడ లేనట్టే అనిపిస్తుంది. మన కూచిపూడి గురువులు పిల్లలకు మొదట్లోనే చెప్పే మాట ఉంది: చెయ్యి ఎక్కడికి వెళ్తే చూపు అక్కడికి, చూపు వెళ్లిన చోటికి మనసు, మనసు ఉన్న చోట భావం, భావం ఉన్న చోట రసం. ఆ వరస మధ్యలో ఎక్కడ తెగినా చివరికి రసం పుట్టదు. నీది రెండో మెట్టు దగ్గరే తెగుతోంది.

చూపు ఎందుకు పడిపోతోందో కూడా చూద్దాం. ఒకటి, తర్వాతి పాస్ భయం. రెండు, గీత దాటతానేమోనన్న అనుమానం. ఒక పాదం బయటపడితే 0.10 పాయింట్, రెండూ పడితే 0.30 పాయింట్ పోతుంది కాబట్టి ఆ అనుమానం న్యాయమైనదే. దానికి మందు తల వంచడం కాదు, అడుగుల లెక్క. ఫ్లోర్ ఒక పక్క 12 మీటర్లు, మూల నుంచి మూలకు దాదాపు 17 మీటర్లు. పరుగుకు అడుగుల లెక్క ఉన్నట్టే మూలలోకి వెళ్లే డ్యాన్స్ అడుగులకూ లెక్క పెట్టుకో. మధ్య నుంచి నీ నడకలో ఎన్ని అడుగులకు గీత వస్తుందో మొదట చూస్తూ పదిసార్లు, తర్వాత ఎదుటి గోడను చూస్తూ పదిసార్లు నడువు. వారంలో పాదానికే తెలిసిపోతుంది. అయినా ఒకచోట చూడక తప్పదనుకో, ఆ చూపునే డ్యాన్స్ చేసెయ్. చేతిని తల పక్క నుంచి నెమ్మదిగా కిందికి దించు, కళ్లు ఆ చేతి వెంట దిగుతాయి, గీత కనబడుతుంది, దొంగచూపులా ఉండదు.

నాట్యంలో ఎనిమిది దృష్టులు చెబుతారు. నీకు నాలుగు చాలు: సమ అంటే నేరు చూపు, సాచి అంటే కంటి కొసతో పక్కచూపు, ఉల్లోకిత అంటే పైచూపు, అవలోకిత అంటే కిందిచూపు. అయితే కూచిపూడిలో ఒక్క కనుపాప కదిలినా ముందు వరస వాళ్లకు అందుతుంది. జడ్జి ఫ్లోర్‌కి ఆ చివర ఉన్నప్పుడు అది సరిపోదు. అందుకని కళ్లు అర కౌంట్ ముందు వెళ్లాలి, తల కౌంట్ మీద చేరాలి. కళ్లు, తల ఒకేసారి తిరిగితే బొమ్మ తిరిగినట్టుంటుంది. ఈ చిన్న తేడా అద్దం ముందు కూర్చుని పది నిమిషాలు చేస్తే నీకే కనబడుతుంది.

ఇప్పుడు ఒక తెల్ల కాగితం తీసుకో. నీ రొటీన్ 86 సెకన్లు. నీ మ్యూజిక్ నిమిషానికి 120 బీట్లు, అంటే మొత్తం 172 బీట్లు, ఎనిమిదేసి కౌంట్ల లెక్కన 21 ఎనిమిదులు, పైన నాలుగు కౌంట్లు. ఒక్కో ఎనిమిదికి ఒక్కో గీత రాసి, పక్కన మూడే మాటలు రాయి: ఎటు చూస్తాను, ఊపిరి ఎక్కడ వదులుతాను, ఏ కౌంట్ మీద ఆగుతాను. 52వ సెకను పదమూడో ఎనిమిది ముగిసే చోటు. అక్కడ నీ కాగితం ఖాళీగా ఉంటుంది చూడు. ఖాళీ ఉన్న చోటల్లా చెయ్యి లియోటార్డ్ మీదికి పోతుంది. (లియోటార్డ్ నిజంగానే జారుతోంటే చెప్పు, ఎలాస్టిక్ మారుద్దాం. అది డ్యాన్స్ సమస్య కాదు.)

దవడ సంగతి. బలం పెట్టినప్పుడు దవడ బిగుసుకోవడం, పెదవి కొరకడం, నాలుక బయటికి రావడం చాలామంది పిల్లలకు ఉంటుంది. నీకు మూడో పాస్‌కు ముందు దవడ బిగుస్తోంది. ఊపిరి బిగబట్టి ఉన్నంతసేపు మొహం కదలదు, ఎంత చెప్పినా కదలదు. పాస్ దిగి చేతులు ఎత్తేటప్పుడు నోటితో ఊపిరి పూర్తిగా వదులు, వదులుతూ పై పళ్లకూ కింది పళ్లకూ మధ్య కొంచెం సందు ఇవ్వు. అంతే, బుగ్గలు వాటంతట అవే వదులవుతాయి. ఆ ఊపిరితోనే తర్వాతి కదలిక మొదలుపెట్టు. అప్పుడు టంబ్లింగ్ వేరు, డ్యాన్స్ వేరు అన్నట్టు ఉండదు.

చేతుల గురించి రెండే మాటలు. చెయ్యి భుజంతో ఎత్తితే భుజాలు చెవుల దాకా వచ్చి మెడ మాయమవుతుంది. వీపు రెక్కను కిందికి లాగుతూ ఎత్తితే మెడ పొడుగ్గా ఉంటుంది. బొటనవేలు బయటికి పొడుచుకు రాకుండా మధ్య వేలి వైపు తెచ్చుకో, మణికట్టు చివరి కౌంట్‌లో మాత్రమే పూర్తి చెయ్.

ఇక ఆటిట్యూడ్. నిలబడ్డ తీరుకు ఒక పాఠం బోనాల్లో ఉంది. తలమీద బోనం పెట్టుకుని లాల్ దర్వాజలోనో, ఉజ్జయిని మహంకాళి దగ్గరో నడిచే ఆడవాళ్లను గుర్తు తెచ్చుకో. మెడ నిటారు, భుజాలు కిందికి, చూపు దూరంగా, అడుగు మెత్తగా. గడ్డం పైకి ఎత్తితే బోనం వెనక్కి పడుతుంది, దించితే ముందుకు పడుతుంది. కాన్ఫిడెన్స్ చూపించమంటే నువ్వు గడ్డం ఎత్తేస్తున్నావు, దాంతో నడుము వంగి పొట్ట ముందుకొస్తోంది. బోనం ఉందనుకుని నడువు, సరిపోతుంది. ఆ పక్కనే పోతరాజును చూడు. కొరడా లేవకముందే ఆయన చూపు జనం మీద పడుతుంది, ఆ చూపుకే జనం పక్కకు జరుగుతారు. కొరడా తర్వాత వస్తుంది. అడుగు వేస్తే బరువంతా నేలలోకి దిగుతుంది. మీ జిమ్నాస్ట్ పిల్లలకు ఎప్పుడూ మునివేళ్ల మీద, పైపైకి ఉండటం అలవాటు, అందుకే తీన్‌మార్ లాంటి బీట్ వచ్చినా తేలిపోతున్నట్టు కనబడతారు. అలాంటి బీట్ మీద మోకాలు వంచి బరువు దించు. బరాత్‌లో నీకు ఎవరూ నేర్పకుండానే వస్తుంది కదా, అదే మోకాలు.

రోజూ చెయ్యాల్సిన పని ఒకటి చెబుతాను. ఒకే ఎనిమిది కౌంట్లు తీసుకుని మూడు రకాలుగా చెయ్: మొదట ప్రతి కౌంట్ మీద కొట్టినట్టు ఆగుతూ, రెండోసారి ఎక్కడా ఆగకుండా నీళ్లలా, మూడోసారి బరువు మోస్తున్నట్టు. కదలికలు మారకూడదు, తీరు మాత్రమే మారాలి. నాలుగు రోజులు చేశాక ఏ ఎనిమిదికి ఏది సరిపోతుందో నీ కాగితం మీద రాసుకో. తొమ్మిది రసాలూ 86 సెకన్లలో ఇరికించొద్దు. మొదటి సగం చిలిపితనం, చివరి పాస్‌కు ముందు నుంచి వీరం, ఆ రెండు చాలు. మారే చోటు మాత్రం స్పష్టంగా ఉండాలి, ఒక తల తిప్పుతోనో, ఒక ఆగడంతోనో.

ఇదంతా చూడముచ్చటగా ఉండటానికే అనుకోకు. ల్యాండింగ్‌లో చిన్న అడుగు పడితే 0.10 పోతుంది, ఆ అడుగు కోసం నెలల తరబడి కష్టపడతావు. తల, భుజాలు, నడుము పొందికగా లేకపోయినా, కాలివేళ్లు చాచకపోయినా, చివరి పోజు మ్యూజిక్‌తో కలవకపోయినా ఒక్కోదానికి అదే 0.10. మన ఎల్బీ స్టేడియంలో ప్రాక్టీస్ చేసిన అరుణా రెడ్డి 2018లో మెల్‌బోర్న్ వరల్డ్ కప్‌లో కాంస్యం తెచ్చింది వాల్ట్‌లో. వాల్ట్ అంటే పరుగెత్తి వచ్చి బల్ల మీద చేతులు ఆన్చి ఎగరడం, కొన్ని సెకన్ల పని. ఫ్లోర్‌లో నీ మూడు పాస్‌లూ పరుగుతో కలిపి 17 సెకన్లే వచ్చాయి. మిగతా 69 సెకన్లు జడ్జిలు నిన్నే చూస్తూ ఉంటారు.

మూలలో నిలబడే సమయం కూడా అందులోదే. పాస్‌కు ముందు నువ్వు మూడు నాలుగు కౌంట్లు కదలకుండా ఉంటున్నావు. అక్కడ ఏడో కౌంట్ మీద సాచి చూపు, ఎనిమిదో కౌంట్ మీద నేరు చూపు, వెంటనే పరుగు. భయం ఉంటే ఉండనీ, అది ఊపిరిలో ఉండనీ, నిలబడిన తీరులో కాదు. ల్యాండింగ్ చెడినప్పుడు సార్ వైపు చూడొద్దు, పెదవి విరవొద్దు. మ్యూజిక్ కంటే లేటయిపోయావని అన్నీ గబగబా చేసేస్తే రొటీన్ అంతా తడబడుతుంది. ప్రతి నాలుగు ఎనిమిదులకు, అంటే 16 సెకన్లకు ఒకచోట, మ్యూజిక్‌లో గట్టిగా వినబడే దెబ్బను గుర్తుపెట్టుకో. లేటైతే మధ్యలో ఒక చేతి కదలిక వదిలేసి ఆ దెబ్బ దగ్గర కలిసిపో. పెద్ద ఇండోర్ హాల్లో మ్యూజిక్‌లోని బాస్ (లోతైన మోత) ప్రతిధ్వనించి కలగాపులగంగా వినబడుతుంది, కాబట్టి గుర్తులు రాగంలో పెట్టుకో.

వారానికి నాలుగు రోజులు వార్మప్ అయ్యాక దీనికి 15 నిమిషాలు ఇవ్వమని మీ సార్‌ని అడుగు. మూడుసార్లు టంబ్లింగ్ లేకుండా డ్యాన్స్ మాత్రమే, తర్వాత పాస్‌ల చోట రౌండాఫ్ ఒక్కటే పెట్టి ఒకసారి. నాలుగో రోజు మాత్రం ప్రాక్టీస్ చివర్లో, ఫ్లోర్ చుట్టూ రెండు రౌండ్లు పరుగెత్తి, రొప్పుతూనే చివరి ఏడు ఎనిమిదులు చెయ్. నీ మొహం పోయేది అలసటలోనే, కాబట్టి దాన్ని అలసటలోనే నేర్చుకోవాలి. అద్దం వారానికి ఒక్కరోజు చాలు, ఎక్కువైతే కళ్లు అద్దానికే అతుక్కుని తల తిరగడం మానేస్తుంది. వీడియో తీసేటప్పుడు ఫోన్ కూర్చున్న జడ్జి కంటి ఎత్తులో ఉండాలి. సౌండ్ తీసేసి మొదటిసారి తల మాత్రమే చూడు, రెండోసారి చేతులు మాత్రమే. ఒక రోజుకు ఒక్కటే సరిచెయ్.

ఇంకొకటి, ఇది ముఖ్యం. కొరియోగ్రఫీలో ఏ కదలికైనా నీకు ఇబ్బందిగా ఉంటే, పెద్దవాళ్ల పాటల్లోంచి తెచ్చి నీ వయసుకు అతికించినట్టు అనిపిస్తే, మీ మేడంకి చెప్పు. చెప్పడానికి మొహమాటమైతే నాకు చెప్పు, నేను మాట్లాడతాను. ఇష్టంలేని కదలికలో ఎక్స్‌ప్రెషన్ ఎప్పటికీ రాదు, రావాల్సిన అవసరమూ లేదు. మ్యూజిక్ మార్చాలనుకున్నా సరే, మాటలున్న పాట మాత్రం వద్దు, ఏకంగా 1.00 పోతుంది. గొంతుతో తీసే రాగం ఉండొచ్చు, పదాలు ఉండకూడదు.

వచ్చే ఆదివారం వస్తున్నాను. ఫోన్ స్టాండు, రెండు కొత్త లియోటార్డులు తెస్తాను. నువ్వు ఆ 21 గీతల కాగితం రాసి ఉంచు, పదమూడు, పద్నాలుగు ఎనిమిదులు ఇద్దరం కూర్చుని నింపుదాం.

ఆశీస్సులతో,
మమ్మీ