మైనరు పెళ్లికి కోర్టు ముద్ర వద్దు

సంపాదకులకు నమస్కారం.

పద్దెనిమిదేళ్లు నిండని ఆడపిల్లకు మతాచారం ప్రకారం జరిగిన పెళ్లిని న్యాయస్థానాలు గుర్తించాలా అన్న ప్రశ్నకు మన దేశంలో నేటికీ తేటతెల్లమైన జవాబు లేదు. 2006 నాటి బాల్యవివాహాల నిషేధ చట్టం అలాంటి పెళ్లి జరిపించినవారిని శిక్షిస్తుంది గానీ, పిల్లను ఎత్తుకెళ్లడం, అమ్మేయడం వంటి సందర్భాల్లో తప్ప ఆ పెళ్లి చెల్లదని మాత్రం అనదు. వద్దనుకుంటే ఆ పిల్లే కోర్టుకెళ్లి రద్దు చేయించుకోవాలి, అదీ ఇరవయ్యేళ్లు నిండేలోపే.

పదో తరగతి పరీక్షలు రాసి సెలవులకు ఇంటికి రాగానే పెళ్లిపీటల మీద కూర్చోబెట్టిన పిల్ల, చంకలో బిడ్డతో, స్టడీ సర్టిఫికెట్టు మడిచి పెట్టుకున్న ప్లాస్టిక్ సంచితో వకీలు గుమ్మం ఎక్కడం ఎంత కష్టమో కోర్టుల్లో పనిచేసే మాబోటివాళ్లకు తెలుసు. బస్సు చార్జీకి కూడా అత్తింటివాళ్లను అడగాల్సిన మనిషి భర్త మీద పిటిషను వేయాలి. పుట్టింటికి వెళ్దామంటే ఆ పెళ్లి చేసినవాళ్లే అక్కడ ఉంటారు.

ఇది ఒక్క మతం సంగతి కాదు. హిందూ వివాహ చట్టం వయసు షరతు పెట్టింది కానీ, దాన్ని మీరిన పెళ్లిని చెల్లని వివాహాల్లో చేర్చలేదు. 1970ల్లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో ఇద్దరు జడ్జీల డివిజన్ బెంచి అలాంటి పెళ్లి చెల్లదని ధైర్యంగా చెప్పగా, కొద్దికాలానికే అంతకంటే పెద్దదైన ఫుల్ బెంచి ఆ తీర్పును తోసిపుచ్చింది. ముస్లిం పర్సనల్ లా రజస్వల కావడాన్నే పెళ్లీడుగా ఎంచి, వేరే రుజువు లేకపోతే పదిహేనేళ్లను ప్రమాణంగా తీసుకుంటుంది. దాని ఆధారంగానే 2022లో పంజాబ్, హర్యానా హైకోర్టు పదహారేళ్ల బాలిక పెళ్లిని సమర్థించింది. బాల్యవివాహాల నిషేధ చట్టం అన్ని మతాలవారికీ వర్తిస్తుందని 2024లో కేరళ హైకోర్టు చెప్పింది. పంజాబ్, హర్యానా హైకోర్టు తీర్పు మీద జాతీయ బాలల హక్కుల కమిషన్ వేసిన అప్పీలును, ఆ కమిషన్‌కు అడిగే అర్హత లేదంటూ 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు కొట్టివేయడంతో అసలు ప్రశ్న అక్కడే ఆగిపోయింది.

పంజాబ్ కేసులో అయినవాళ్ల నుంచి ముప్పుందన్న జంటకు రక్షణ ఇవ్వడం సబబే. అయితే రాజ్యాంగంలోని 21వ అధికరణం పెళ్లి కానివారి ప్రాణానికీ భద్రత ఇస్తున్నప్పుడు, ఆ రక్షణ కోసం పెళ్లి చెల్లుతుందని ప్రకటించాల్సిన పనేమిటి? భార్యే అయినా పద్దెనిమిదేళ్లలోపు బాలికతో సంభోగం అత్యాచారమేనని 2017లో సుప్రీంకోర్టు తేల్చింది, ఇప్పటి భారతీయ న్యాయసంహితలోనూ అదే మాట ఉంది. కాపురాన్ని నేరమంటూ పెళ్లిని మాత్రం చెల్లుతుందంటే ఆ పిల్ల దేన్ని నమ్ముకోవాలి? ఆ 2017లోనే హైదరాబాద్ పాతబస్తీలో బాలికలను నిఖా పేరుతో కొనుక్కోవడానికి వచ్చిన గల్ఫ్ దేశస్థులనూ, వారికి తోడ్పడిన ఖాజీలనూ పోలీసులు అరెస్టు చేశారు. ఆ బేరాన్ని పెళ్లిగా చూపించింది నిఖానామా కాగితమే.

పెళ్లి చెల్లదంటే ఆ పిల్ల, ఆమె బిడ్డలు రోడ్డున పడతారన్న ఆందోళన న్యాయమైనదే, దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. పెళ్లిని రద్దు చేసినప్పుడు ఆమెకు భరణం, నివాసం ఇప్పించే 4వ సెక్షనూ, బిడ్డలను సక్రమ సంతానంగా గుర్తించే 6వ సెక్షనూ బాల్యవివాహాల నిషేధ చట్టంలో ఇప్పటికే ఉన్నాయి. పెళ్లి మొదటినుంచీ చెల్లదన్న సందర్భానికి కూడా వాటిని స్పష్టంగా వర్తింపజేస్తే సరిపోతుంది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 20 నుంచి 24 ఏళ్ల మహిళల్లో పద్దెనిమిది నిండకముందే పెళ్లయినవారు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. వివాహం కేంద్రమూ రాష్ట్రాలూ చట్టాలు చేయగల ఉమ్మడి జాబితాలోని అంశం కాబట్టి మనం ఢిల్లీ వైపే చూస్తూ కూర్చోనక్కర్లేదు. కర్ణాటక ఈ కేంద్ర చట్టాన్ని తన వరకు సవరించి బాల్యవివాహం మొదటినుంచీ చెల్లదని రాసుకుంది. మన రెండు శాసనసభలూ, పైన చెప్పిన భరణం, సంతానం నిబంధనలు జోడించి, అలాంటి సవరణను ఆమోదించి రాష్ట్రపతి సమ్మతికి పంపాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక న్యాయవాది, కర్నూలు