పచ్చి బఠాణీతో డబ్బా బఠాణీని పోల్చడం న్యాయమా?

సంపాదకుల వారికి నమస్కారం.

రెండు ఆదివారాల కిందట మీ అనుబంధంలో డబ్బా కూరగాయల మీద వచ్చిన వ్యాసం చదివినప్పటి నుంచి మనసు కుదుటపడక ఈ లేఖ రాస్తున్నాను. డబ్బాలోకి వెళ్ళిన కూరలో పిప్పి తప్ప ఏమీ మిగలదని అందులో ఒక్క వాక్యంతో తేల్చేశారు. ముప్ఫై ఏళ్ళు గృహవిజ్ఞానం బోధించినదాన్ని కనుక ఆ మాటే నాకు కష్టమనిపించింది. అది ఫోనులో చదివి, మినియాపొలిస్‌లో ఉంటున్న మా అమ్మాయి "అమ్మా, ఇన్నేళ్ళూ పిల్లలకు గడ్డి పెట్టినట్టేనా?" అని అడిగినప్పుడు ఇంకా బాధ కలిగింది. మంచు కురిసే నెలల్లో ఆ ఇంట్లో పప్పులోకి డబ్బా టమాటాలే దిక్కు.

వ్యాసకర్త పచ్చి బఠాణీని డబ్బా బఠాణీతో పోల్చి, సి విటమిన్ నాలుగో వంతే మిగిలిందన్నారు. అంకె తప్పు కాదు. అమెరికా వ్యవసాయ శాఖ పోషక పట్టికల్లో 100 గ్రాముల పచ్చి బఠాణీకి సుమారు 40 మిల్లీగ్రాములు, నీరు వార్చిన డబ్బా బఠాణీకి 10 లోపు కనబడతాయి. అయితే అదే పట్టికల్లో, తాజా బఠాణీని ఉడికించి నీళ్ళు వార్చేశాక మిగిలేది సుమారు 14 మాత్రమే. మన ఇళ్ళలో బఠాణీని పచ్చిగా తినేది ఎందరు? డబ్బాలోది అప్పటికే ఉడికినది కనుక, దాన్ని పొయ్యి మీంచి దించిన కూరతోనే పోల్చాలి. సి విటమిన్, థయమిన్ అనే బి1 విటమిన్ వేడికి నశిస్తాయి, నీళ్ళలోకి దిగిపోతాయి; ఆ నష్టం మన గిన్నెలోనూ తప్పదు. పీచు, ఖనిజాలు, ఒంట్లో ఎ విటమిన్‌గా మారే కెరోటిన్ చాలామటుకు నిలుస్తాయి. టమాటాకు ఎరుపునిచ్చే లైకోపీన్‌ను, వేడి తగిలి కాస్త నూనె తోడైతే, శరీరం మరింత బాగా గ్రహిస్తుంది.

నిజంగా హెచ్చరించవలసిన ఉప్పు సంగతి మాత్రం వ్యాసంలో ఒక్క ముక్కా లేదు. 100 గ్రాముల పచ్చి బఠాణీలో, ఉప్పులో ఉండే సోడియం 5 మిల్లీగ్రాములైతే, ఉప్పునీటిలో నిలవ చేసిన డబ్బా బఠాణీలో 200 దాటుతుంది. పెద్దలకు రోజు మొత్తానికి సోడియం 2000 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ నీళ్ళు పారబోసి, మంచినీళ్ళతో కడిగి వండితే ఉప్పు బాగా తగ్గుతుందనీ, ఉబ్బిన డబ్బాను రుచి కూడా చూడకుండా పారేయాలనీ రాసి ఉంటే రక్తపోటు ఉన్న పాఠకులకు ఎంత మేలు జరిగేది!

ఇక తాజా సంగతి. రైతుబజార్లు పెట్టిన 1999 నాటి రోజుల్లో తెల్లవారుజామున కోసిన ఆకుకూరను రైతే తెచ్చి మన చేతికిచ్చేవాడు. మొన్న బుధవారం పది గంటలకు మా పేట బజారులో కొన్న తోటకూర కట్ట ఇంటికి తెచ్చి విప్పితే, నార బిగించిన చోట ఆకులు నల్లబడి జిగురు పట్టాయి, లోపలివి పసుపు తిరిగాయి. తడి గోనె కప్పి, గంటకోసారి నీళ్ళు చిలకరించి దాన్ని పచ్చగా కనబడేట్టు చేశారు. మర్నాడు అడిగితే, సరుకు మంగళవారం మధ్యాహ్నమే దిగిందని అమ్మే ఆవిడ దాపరికం లేకుండా చెప్పింది. ఆమె తప్పేముంది? సరుకు దాచుకోవడానికి అక్కడ ఒక్క శీతల గది లేదు. అడిగినప్పుడల్లా అధికారులు అర్జీ తీసుకుంటారు, అంతటితో సరి. ఆకుకూరలోని సి విటమిన్ ఎండలో గంటగంటకూ తరిగిపోతుంటే దాన్ని తాజా అని ఎలా పిలవగలం? కోసిన కొద్ది గంటల్లో డబ్బాకెక్కిన కూర దానికన్నా ఏ విధంగా తీసికట్టు?

కొనేవాడు చూసి తెలుసుకుందామన్నా దారి లేదు. డబ్బా మీద వివరాలు ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటే చాలునని నిబంధన. ఆ ఆవగింజంత అక్షరాలను తెలుగు మాత్రమే వచ్చిన తల్లి ఏం చదువుతుంది?

మన ఆహార పదార్థాల్లో 528 రకాల పోషక విలువలను 2017లో పుస్తకంగా వేసిన జాతీయ పోషకాహార సంస్థ హైదరాబాదు తార్నాకలోనే ఉంది. ఆరోగ్య వ్యాసాలను అచ్చుకు పంపేముందు అక్కడ ఒక్కరినైనా సంప్రదించడం పత్రికకు భారమా? దయచేసి ఈ సవరణను అదే అనుబంధంలో, ఉప్పు సంగతితో సహా ప్రచురించండి. అది మా అమ్మాయికి పంపించాలి.

ఇట్లు,
విశ్రాంత గృహవిజ్ఞాన అధ్యాపకురాలు,
విజయవాడ